బండి మనదని ఎప్పుడు అనగలం?

మీరు అడిగిన దాన్ని ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. విద్యుత్ బండి బ్యాటరీలోని సెల్‌లు చైనా నుంచి వస్తున్నాయి, మోటార్‌లోని అయస్కాంతాలూ అక్కడి నుంచే వస్తున్నాయి. ఇక్కడ జరిగేది బిగింపు పని మాత్రమే అయితే, భారతదేశం వంటి దేశానికి సొంత విద్యుత్ వాహన పరిశ్రమ సాధ్యమేనా? సాధ్యమైతే, విజయవాడ ఆటోనగర్‌లో మీ నాన్నగారు నడుపుతున్న విడిభాగాల షెడ్డు వంటి వాటికి అందులో చోటుందా? ఇదీ మీ ప్రశ్న.

సాధ్యమే. చోటూ ఉంది. అయితే ఈ రెండు మాటలకూ షరతులున్నాయి. వాటిని వివరంగా చెప్పకపోతే మీకు మేలు కాదు. ఇరవై ఏడేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. మొదటి పదేళ్లు పెట్రోలు బండ్లకు వైరింగ్ హార్నెస్‌లు, అంటే తీగల కట్టలు; తరువాత మోటార్‌కు ఎంత కరెంటు ఇవ్వాలో చూసే కంట్రోలర్లు, ఇప్పుడు సెల్‌లను జతపరిచి చేసే బ్యాటరీ ప్యాక్‌లు. అందువల్ల బండిని షోరూమ్ వైపు నుంచి కాక, మూత విప్పిన తరువాత కనిపించే వైపు నుంచి చూడటం నాకు అలవాటు.

"సొంత పరిశ్రమ" అంటే ఏమిటో నాకు తెలిసివచ్చిన సందర్భం ఒకటుంది. కొన్నేళ్ల క్రితం మేము ఒక విదేశీ సరఫరాదారు నుంచి స్కూటర్ కిట్లు, అంటే బిగిస్తే చాలు అన్నట్టు సిద్ధంగా ఉన్న భాగాలు తెప్పించి, ఫ్రేము మాత్రం ఇక్కడ తయారు చేసి అమ్మే ప్రయత్నంలో ఉన్నాం. చదునైన రోడ్డు మీద బండి చక్కగా నడిచింది. మే నెలలో, ఇద్దరు కూర్చుని ఘాట్ రోడ్డు ఎక్కితే మాత్రం సగంలో ఆగిపోయేది. కంట్రోలర్ వేడెక్కి తనంతట తానే కరెంటు తగ్గించుకుంటోందని అర్థమైంది. ఏ ఉష్ణోగ్రత దగ్గర ఎంత తగ్గించాలన్నది ఒక చిన్న పట్టికలో ఉంటుంది, దాన్ని మారిస్తే చాలు. ఆ పట్టికకు తాళం వేసి ఉంది, తాళం అమ్మినవారి దగ్గర ఉంది. ఉత్తరాలు రాశాం, ఫోన్లు చేశాం. ఏడు వారాల తరువాత వచ్చిన జవాబు, "కొత్త మోడల్ కొనండి" అని.

ఫ్రేము మాది, రంగు మాది, పేరు మాది, వారంటీ కార్డు మీద సంతకం కూడా మాదే. బండి మాత్రం మాది కాదు. ఆ తరువాత ఇద్దరు ఇంజనీర్లను కూర్చోబెట్టి సొంత కంట్రోలర్ తయారు చేయించడానికి పద్నాలుగు నెలలు పట్టింది. అందులో వాడిన చిప్ దిగుమతి చేసుకున్నదే. అయినా ఆ రోజు నుంచి ఘాట్ రోడ్డు సమస్య మా సమస్య అయింది, దాన్ని తీర్చుకునే శక్తి కూడా మాదే అయింది.

అందుకే స్వదేశీ శాతం ఎంత అని ఎవరైనా అడిగితే నేను ఒక ఎదురు ప్రశ్న వేస్తాను: డ్రాయింగ్ ఎవరి దగ్గర ఉంది? ఒక భాగం దొరకకపోతే, దాని బదులు మరొకటి పెట్టాలని నిర్ణయించే అధికారం మీకుందా? ఉంటే, సగం సరుకు బయటి నుంచి వచ్చినా అది మన పరిశ్రమే. లేకపోతే, తొంభై శాతం సరుకు ఇక్కడే తయారైనా అది కూలి పనే.

మన దేశానికి ఈ విషయంలో చరిత్ర లేకపోలేదు. బెంగళూరులో రేవా అనే చిన్న విద్యుత్ కారు 2001లోనే రోడ్డెక్కింది. కానీ అప్పుడు ఛార్జింగ్ లేదు, మంచి బ్యాటరీ లేదు, కొనేవారికి నమ్మకం లేదు. 2010లో మహీంద్రా ఆ సంస్థను తీసుకుంది. ప్రభుత్వం తరఫున గట్టి ప్రయత్నం 2013లో వచ్చిన జాతీయ ప్రణాళికతో, 2015లో 895 కోట్ల రూపాయలతో మొదలైన ఫేమ్ అనే విద్యుత్ వాహనాల రాయితీ పథకంతో ప్రారంభమైంది. 2019 ఏప్రిల్‌లో రెండో ఫేమ్ 10,000 కోట్లతో వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో విద్యుత్ వాహనాల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది.

ఈ పథకాలన్నిటికంటే ముందే, ఎవరి రాయితీ లేకుండా, ఉత్తర భారత పట్టణాల వీధుల్లో ఈ-రిక్షాలు వచ్చేశాయి. సీసపు బ్యాటరీ, చిన్న మోటారు, వెల్డింగ్ షాపులో కట్టిన బాడీ. 2014లో ఢిల్లీ హైకోర్టు ఆపమంది, 2015లో పార్లమెంటు చట్టం సవరించి అనుమతించింది. ఆ బండ్ల భద్రత మీద నాకు గట్టి అభ్యంతరాలున్నాయి. కానీ పేదవాడు లెక్క వేసుకుని, పెట్రోలు కంటే కరెంటు చవక అని తేల్చుకుని కొన్న మొదటి విద్యుత్ వాహనం అదే. ఈ రోజు దేశంలో అమ్ముడవుతున్న మూడు చక్రాల బండ్లలో సగానికి పైగా కరెంటువే. పరిశ్రమ ఎక్కడ మొదలవ్వాలో జనం ముందే చెప్పారు.

మన దగ్గర నమోదయ్యే వాహనాల్లో నాలుగింట మూడు వంతులు ద్విచక్ర వాహనాలే. స్కూటర్‌కు రెండు నుంచి నాలుగు యూనిట్ల బ్యాటరీ చాలు. ఇక్కడ యూనిట్ అంటే మీ ఇంటి కరెంటు బిల్లులోని యూనిట్టే. కారుకు ముప్ఫై నుంచి యాభై కావాలి. పొరపాటు చేసి నేర్చుకోవడానికి స్కూటర్ చవకైన బడి. ఒక ప్యాక్ నమూనా విఫలమైతే వేలల్లో నష్టం, కారు విషయంలో అదే లక్షల్లో. పైగా స్కూటర్ రోజుకు తిరిగే దూరం తక్కువ, ఇంట్లోని మామూలు ప్లగ్గుతో రాత్రికి ఛార్జ్ అవుతుంది. కార్లతో మొదలుపెట్టాలని తొందరపడే దేశాలు ఈ మెట్టును దాటవేసి, నేరుగా కిట్ల బిగింపు దగ్గర ఆగిపోతున్నాయి.

ఏథర్ సంస్థను ఇద్దరు ఐఐటీ మద్రాసు పట్టభద్రులు 2013లో మొదలుపెట్టారు. వారి స్కూటర్ కొనుగోలుదారు చేతికి వచ్చింది 2018లో. బ్యాటరీ ప్యాక్, దాని నిర్వహణ వ్యవస్థ, బండి సాఫ్ట్‌వేర్ స్వయంగా తయారు చేసుకోవడానికి ఆ ఐదేళ్లు పట్టాయి. అదే కాలంలో కిట్లు తెచ్చి బిగించినవారు ఎందరో ముందుగా బజారుకు వచ్చారు, వారిలో చాలామంది ఇప్పుడు కనిపించరు. మరోవైపు, 2020లో చేతక్‌తో బజాజ్, ఐక్యూబ్‌తో టీవీఎస్ నెమ్మదిగా దిగి, ఐదేళ్లలో ముందు వరుసకు వచ్చాయి. వారి బలం సాఫ్ట్‌వేర్ కాదు, దశాబ్దాలుగా కట్టుకున్న విడిభాగాల సరఫరాదారుల వలయం. బ్రేకు, సస్పెన్షన్, కాస్టింగ్, సర్వీసు సెంటర్ అన్నీ సిద్ధంగా ఉన్నాయి. పాత పరిశ్రమను కూలిస్తేనే కొత్తది పుడుతుందనే మాటను నేను ఒప్పుకోను. గేర్లు కోసేవాడు రేపు మోటార్‌కు వేగం తగ్గించే రిడక్షన్ గేర్ కోస్తాడు, కొలత ఇంకాస్త నిక్కచ్చిగా ఉండాలి, అంతే. విద్యుత్ బండిలో ఇంజను శబ్దం ఉండదు కాబట్టి గేరు పళ్ల రొద స్పష్టంగా వినిపిస్తుంది. కష్టమంతా అక్కడే.

ఇక రాయితీల సంగతి. ద్విచక్ర వాహనాలకు యూనిట్‌కు 10,000 రూపాయలుగా ఉన్న రాయితీని 2021 జూన్‌లో 15,000 చేశారు. 2023 జూన్‌లో మళ్లీ 10,000 చేసి, బండి ధరలో 40 శాతం వరకు ఉన్న పరిమితిని 15 శాతానికి దించారు. 2024 ఏప్రిల్‌లో 5,000, ఆ తరువాతి ఏడాది పీఎం ఈ-డ్రైవ్ అనే కొత్త రాయితీ పథకం కింద 2,500. తగ్గడం తప్పు కాదు, రాయితీ ఎప్పటికైనా పోవలసిందే. కానీ పెంచి, ఉన్నట్టుండి దించడం వల్ల దెబ్బ తిన్నది పెద్ద కంపెనీ కాదు, దాని వెనక అచ్చులు చేయించి, యంత్రాలకు అప్పు తెచ్చిన చిన్న సరఫరాదారు. కరిగిన లోహాన్ని పోసే ఒక డై-కాస్టింగ్ అచ్చు ఖర్చు రాబట్టుకోవడానికి మూడేళ్లు కావాలి. ఏడాదికొకసారి లెక్క మారితే ఏ బ్యాంకు మేనేజరూ అతనికి అప్పివ్వడు. పదేళ్లలో ఏ ఏడాది ఎంత తగ్గుతుందో మొదటి రోజే గోడ మీద రాసి పెట్టి, ఎవరు అడిగినా మార్చకపోవడం ప్రభుత్వం చేయగలిగిన గొప్ప మేలు.

స్థానికీకరణ షరతు గురించి కూడా ఒక మాట. రాయితీ కావాలంటే ఫలానా భాగాలు దేశంలోనే తయారు కావాలని దశలవారీ పథకం చెప్పింది. ఉద్దేశం సరైనదే. ఆచరణలో కొన్ని సంస్థలు దిగుమతి భాగాలనే వాడి రాయితీ తీసుకున్నాయని తేలి, డబ్బు వెనక్కి కట్టమనే దాకా వచ్చింది. తప్పు చేసినవారిని వెనకేసుకు రాను. కానీ షరతు పెట్టిన తేదీకి ఆ భాగాన్ని నాణ్యతతో తయారు చేసేవారు దేశంలో ఎంతమంది ఉన్నారో లెక్క తీసిన తరువాతే షరతు పెట్టాలి. ముందు హార్నెస్, ఫ్రేము, ప్లాస్టిక్. తరువాత ఛార్జర్, కన్వర్టర్, మోటార్. ఆ పైన కంట్రోలర్, ప్యాక్. చివరగా సెల్. ఈ వరుస సాంకేతిక కష్టాన్ని బట్టి వచ్చింది, దాన్ని తిరగేయలేం.

ఇప్పుడు నా మనసుకు అన్నిటికంటే దగ్గరైన విషయం. 2022 ఏప్రిల్‌లో మీ విజయవాడలోనూ, నిజామాబాద్‌లోనూ ఇళ్లలో స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. ఆ వారం నాకు నిద్ర పట్టలేదు. ఆ ప్యాక్‌లు నేను చేసినవి కావు. అయినా, వాటిలో ఏం జరిగి ఉంటుందో ఊహించగలిగే వాడిని. ప్యాక్ అంటే సెల్‌లు పేర్చి పెట్టెలో పెట్టడం కాదు. ఒకే సామర్థ్యం, ఒకే అంతర్గత నిరోధం ఉన్న సెల్‌లను ఏరి జతపరచాలి. మధ్యలో ఖాళీ వదలాలి. ప్రతి వరుస వోల్టేజినీ, ఉష్ణోగ్రతనూ కొలిచే తీగలుండాలి. ఒక సెల్ అంటుకుంటే పక్కదానికి పాకకుండా అడ్డు ఉండాలి, వాయువు బయటికి పోవడానికి దారి ఉండాలి, నీరు మాత్రం లోపలికి రాకూడదు. ఇవన్నీ డబ్బు. చవకగా అమ్మాలనుకున్నవాడు ముందుగా వీటినే తీసేస్తాడు, ఎందుకంటే బయటికి కనిపించవు.

ప్రభుత్వం నిపుణుల కమిటీ వేసి, బ్యాటరీల భద్రతకు సంబంధించిన ఏఐఎస్ 156 ప్రమాణాన్ని సవరించింది. 2022 డిసెంబరు నుంచి మొదటి దశ, 2023 మార్చి 31 నుంచి రెండో దశ అమలులోకి వచ్చాయి. సెల్‌ల మధ్య దూరం, వాయువు విడుదల, నీటి నుంచి రక్షణ, ప్రతి ప్యాక్ జాడ తీయగల గుర్తులు, ఒక సెల్‌ను కావాలని మండించి చేసే పరీక్ష అన్నీ చేరాయి. ఆ నిబంధనలు మాకు ఖర్చు పెంచాయి, మా నమూనాను రెండుసార్లు తిరస్కరించారు కూడా. ఆ తిరస్కారాల వల్లే మా ప్యాక్ మెరుగైంది. వర్ధమాన దేశాల్లో చాలామంది, పరిశ్రమ పసిది కదా, ప్రమాణాలు తరువాత చూద్దాం అంటారు. అది తలకిందులైన ఆలోచన. ఒక్క మంట వంద షోరూములను మూయిస్తుంది. మన ఎండలకు తగిన ప్రమాణం మనమే రాసుకోవడం కూడా సొంత డ్రాయింగులో భాగమే. చల్లని దేశంలో పరీక్షించిన ప్యాక్, రామగుండంలో 45 డిగ్రీల మధ్యాహ్నం రేకుల షెడ్డు కింద నిలిపిన బండిలో ఎలా ఉంటుందో అక్కడివారు చెప్పలేరు. అదే బరువులో నిల్వ చేసే కరెంటు తక్కువైనా, వేడికి త్వరగా అదుపు తప్పని లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్‌నే మన స్కూటర్లకు, బస్సులకు నేను కోరుకుంటాను.

పరీక్షా కేంద్రాలు పూణె, మానేసర్, చెన్నైల్లో ఉన్నాయి. విజయవాడలో ఒక చిన్న సంస్థ ప్యాక్ చేస్తే నమూనాతో అంత దూరం వెళ్లి, వరుసలో నిలబడి, ఫీజు కట్టి, తిరస్కరిస్తే మళ్లీ వెళ్లాలి. ప్రతి పారిశ్రామిక పట్టణానికీ ధ్రువపత్రం ఇచ్చే కేంద్రం కాకపోయినా, ముందుగా పరీక్షించి చూసుకునే ఒక గది కావాలి. ఒక సెల్ కర్మాగారానికి ఇచ్చే ప్రోత్సాహకంలో చాలా చిన్న వంతుతో ఇలాంటివి ఎన్నో పెట్టవచ్చు.

సెల్ కర్మాగారాల విషయంలో ఓపిక పట్టమనే నేను చెబుతాను. 2021 మేలో 18,100 కోట్లతో 50 గిగావాట్ అవర్ల (ఒక్కొక్కటి పది లక్షల యూనిట్లు) సామర్థ్యం లక్ష్యంగా ఉత్పత్తి ఆధారిత ప్రోత్సాహకం ప్రకటించారు. నాలుగేళ్ల తరువాత కూడా అందులో చాలా కొద్ది భాగమే మొదలైంది. దీనికి కారణం సోమరితనం కాదు. సెల్ తయారీ రసాయన పరిశ్రమ. తేమ దాదాపు లేని గదుల్లో, మైక్రాన్ల మందంతో పూత పూయాలి. వంద సెల్‌లు చేస్తే ఎన్ని పనికొస్తాయన్నదే లాభనష్టాలను తేలుస్తుంది. ఆ శాతాన్ని పెంచే నేర్పు పుస్తకాల్లో ఉండదు, యంత్రం పక్కన ఏళ్ల తరబడి నిలబడినవారి చేతుల్లో ఉంటుంది. యంత్రాలు చైనావి, వాటిని నిలబెట్టే నిపుణులు చైనావారు, వారికి వీసాలు దొరకడమే కష్టమైన రోజులు గడిచాయి.

మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా ఎంచుకున్న దారి నాకు నచ్చింది. దశాబ్దాలుగా సీసపు బ్యాటరీలు చేసిన సంస్థ అది. 9,500 కోట్ల పెట్టుబడి ప్రణాళికలో ప్యాక్‌లతో మొదలుపెట్టి సెల్‌ల వైపు వెళుతోంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సాంకేతికతను 2024లో చైనా బ్యాటరీ సంస్థ గోషన్ బృందానికి చెందిన సంస్థ నుంచి లైసెన్సు మీద తీసుకుంది. లైసెన్సు తీసుకోవడం నామోషీ కాదు. దానితో పాటు సొంత పరిశోధన నడవాలి, ఒప్పందం ముగిసేసరికి డ్రాయింగ్ మన చేతికి రావాలి. హైదరాబాద్‌లోని ఏఆర్‌సీఐ అనే ప్రభుత్వ పరిశోధన ప్రయోగశాల ఇదే రకం సెల్‌కు కావలసిన క్యాథోడ్ (ధన ధ్రువం) పొడిని తయారు చేసే పద్ధతిని అభివృద్ధి చేసి పరిశ్రమకు అందించింది. వార్తల్లో పెద్దగా కనిపించని ఇలాంటి పనికే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

అయస్కాంతాల కథ మరింత బాధాకరం. 2025 ఏప్రిల్‌లో చైనా బలమైన అయస్కాంతాలకు కావలసిన కొన్ని అరుదైన మృత్తికల (రేర్ ఎర్త్ లోహాల) మీద, వాటితో చేసిన అయస్కాంతాల మీద ఎగుమతి నియంత్రణ పెట్టింది. కొద్ది నెలల్లో మన ద్విచక్ర వాహన తయారీదారులు ఉత్పత్తి తగ్గించుకోవలసి వచ్చింది. ముడిసరుకు మనకు లేదా అంటే, ఉంది. భీమునిపట్నం నుంచి శ్రీకాకుళం దాకా మన తీరపు నల్ల ఇసుకలో ఈ మృత్తికలుండే మోనజైట్ ఖనిజం ఉంది. కానీ ఇసుకకూ అయస్కాంతానికీ మధ్య చాలా అంచెలున్నాయి: ఖనిజం వేరు చేయడం, ఆక్సైడ్‌లను ఒక్కొక్కటిగా విడదీయడం, లోహం, మిశ్రమం, పొడి, చివరగా అచ్చు వేసి కాల్చడం. విశాఖలో 2023లో ప్రారంభమైన, కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్ఈఎల్ నడిపే కేంద్రం ఏడాదికి 3,000 కిలోల సమేరియం-కోబాల్ట్ అయస్కాంతాలు చేయడానికి ఉద్దేశించినది, వాహనాల మోటార్లకు ఎక్కువగా కావలసింది నియోడిమియం రకం. 2025 నవంబరులో కేంద్రం 7,280 కోట్లతో ఏడాదికి 6,000 టన్నుల అయస్కాంతాల సామర్థ్యం కోసం పథకం ఆమోదించింది. మంచిదే, కానీ ఫలితానికి ఏళ్లు పడతాయి. ఈలోగా, మోటార్ డిజైన్ తమ చేతిలో ఉన్నవారు అరుదైన మృత్తికలు అక్కరలేని ఫెరైట్ అయస్కాంతాలతోనో, వాటిలో భారీ రకాలు వాడని అయస్కాంతాలతోనో మోటారును మళ్లీ గీసుకునే పని మొదలుపెట్టారు. తయారైన మోటారును కొని బిగించేవారు మాత్రం ఓడ కోసం ఎదురుచూశారు.

బస్సుల గురించి క్లుప్తంగా చెబుతాను. ఇక్కడ కొనేది ప్రభుత్వమే కాబట్టి గిరాకీని ఎవరి మనసూ మార్చకుండానే సృష్టించవచ్చు. హైదరాబాద్‌లో 2019లో, తిరుమల ఘాట్‌లో 2022లో విద్యుత్ బస్సులు వచ్చాయి. రెండూ ఒలెక్ట్రా అనే బస్సుల సంస్థవి, చైనా బీవైడీ సాంకేతిక సహకారంతో వచ్చినవి. 2022లో ఐదు నగరాలకు కలిపి 5,450 బస్సులకు ఒకేసారి టెండరు పిలిస్తే కిలోమీటరు ధర డీజిల్ బస్సు కంటే తక్కువ పలికింది. అంత చేసినా, ఆర్టీసీలు బిల్లులు సకాలంలో కడతాయా అన్న భయంతో బ్యాంకులు వెనకాడాయి. 2024 సెప్టెంబరులో కేంద్రం 3,435 కోట్లతో చెల్లింపు భద్రత ఏర్పాటు చేసింది. నా దృష్టిలో అది బస్సు రాయితీల కంటే విలువైన నిర్ణయం.

దిగుమతి సుంకాల మీద మీకు రెండు రకాల వాదనలు వినిపిస్తుంటాయి. గోడ కావాలి, కానీ ఆ గోడకు కూల్చే తేదీ కూడా ఉండాలి. చైనా తన బ్యాటరీ సంస్థలను 2015 నుంచి ఒక ఆమోదిత జాబితాతో కాపాడింది, 2019లో దాన్ని ఎత్తేసింది. ఆ నాలుగేళ్లలో వారు పోటీకి సిద్ధమయ్యారు. ఇండోనేషియా 2020లో, కొన్ని రకాల సెల్‌లకు కావలసిన ముడి నికెల్ ఎగుమతి ఆపి కర్మాగారాలను తన నేలకు రప్పించుకుంది. ఈలోగా ప్రపంచం నికెల్ లేని సెల్‌ల వైపు మళ్లుతోంది. ఒకే ఖనిజాన్ని నమ్ముకోవడంలో ఉన్న ప్రమాదం అది. ఇథియోపియా 2024లో పెట్రోలు కార్ల దిగుమతినే నిషేధించింది. జలవిద్యుత్తు ఉంది, చమురుకు డాలర్లు లేవు, అందువల్ల ఆ నిర్ణయం వారికి అర్థవంతమే. కానీ బజారు ఏర్పడటం వేరు, పరిశ్రమ ఏర్పడటం వేరు.

ఇప్పుడు మీ షెడ్డు సంగతి. సొంత పేరుతో స్కూటర్ బిగించి అమ్మాలన్న ఆలోచన ఉందని రాశారు. దయచేసి ఆ పని చేయకండి. వారంటీ భారం మీ కుటుంబం మోయలేదు. బ్యాటరీ ప్యాక్ కట్టే పని కూడా ఇప్పుడే వద్దు, పరీక్ష ఖర్చు భరించగలిగే దాకా ఆగండి. మీ నాన్నగారి దగ్గర లేతులు, మిల్లింగ్ యంత్రం, ముప్ఫై ఏళ్లుగా చేయి తిరిగిన ఇద్దరు ఫిట్టర్లు ఉన్నారని చెప్పారు. అది మామూలు ఆస్తి కాదు. అల్యూమినియం మోటార్ కవచాలు, కంట్రోలర్‌కు వేడి లాగే పలకలు, కరెంటు మోసే రాగి పట్టీలు (బస్‌బార్లు), మోటార్ షాఫ్టులు, వీటిలో ఒక్కటి ఎంచుకోండి. షాఫ్టు అయితే బేరింగ్ కూర్చునే చోట కొలత మైక్రాన్లలో అదుపులో ఉండాలి, గ్రైండింగ్ బయట చేయించుకోవచ్చు. మొదట మంచి మైక్రోమీటర్లు, ఒక ఎత్తు కొలిచే గేజి, కొలతలు రోజూ రాసే పుస్తకం కొనండి. కొనేవారి ఇంజనీరు మీ షెడ్డుకు వచ్చినప్పుడు ముందు చూసేది యంత్రాన్ని కాదు, ఆ పుస్తకాన్ని.

మొదటి ఆర్డరు రెండు వందల ముక్కలకు మించి తీసుకోకండి. వాటిలో ఎన్ని తిరిగి వచ్చాయో, ఏ కారణంతో వచ్చాయో రాసి పెట్టండి. ఆర్నెల్ల తరువాత ఆ కాగితం నాకు పంపితే, తరువాతి అడుగు గ్రైండింగ్ యంత్రమా, ఇంకొక లేతా అన్నది ఇద్దరం కూర్చుని లెక్క వేద్దాం.